రిసార్టు ఇసుకా, హార్బరు బోటా: మా పెళ్లికి చోటు వెతికిన ఒక ఆదివారం

మా పెళ్లి ఎక్కడ జరగాలో పెదనాన్న తేల్చేసి, ఆ సంగతి నాకు ఫోనులో చెప్పారు. అనకాపల్లిలో ఏసీ కల్యాణ మండపం. మా వైపు మూడు వందల మంది. అమ్మాయి వైపు మాత్రం "ఓ యాభై మందిని రమ్మందాం, అంతకు మించితే బాగోదు" అన్నారు. ఎందుకు బాగోదో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు, ఇద్దరికీ తెలుసు. మాది చోడవరం వైపు చెరుకు పండించే ఇల్లు. గౌరి వాళ్లది విశాఖ ఫిషింగ్ హార్బరులో మరబోటు నడుపుకునే ఇల్లు. ఆ యాభై వెనకాల ఉన్నది చేపల వాసన మీద చిన్నచూపు. నేను ఇంటరు దాకానే చదివాను. మిగతా చదువంతా బస్టాండుల్లో, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర పంచే హక్కుల కరపత్రాలదే. ఒక్కటీ పారేయకుండా ట్రంకు పెట్టెలో దాచుకున్నాను. మనుషుల్ని లెక్కపెట్టి లోపలికి పంపే చోట తలవంచుకుని కూర్చోవడానికా అవన్నీ చదివింది? "మండపం వద్దు, సముద్రం దగ్గరే చేసుకుంటాం" అన్నాను. "సముద్రం దగ్గరంటే? ఇసుకలోనా, నీళ్లలోనా?" అని వెక్కిరించారు. "ఆదివారం సాయంత్రం ఐదింటి లోపు చోటు చెప్పు. లేదంటే మండపానికి అడ్వాన్సు ఇచ్చేస్తాను" అని ఫోను పెట్టేశారు.

అందుకే ఈ ప్రయాణం. సముద్రం దగ్గర పెళ్లి చేసుకుందామని విశాఖ రాబోయేవాళ్లకు పనికొస్తుందని రోజంతా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ముందుగా ఒక మాట. మేం పంతులుగారిని పిలవడం లేదు, దండలు మార్చుకుని సంతకాలు పెడతాం. కాబట్టి మాకు ముహూర్తం లేదు గానీ గడువు ఉంది. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట నిషేధం పెడతారు. మరబోట్లన్నీ హార్బరులో కట్టేసి ఉంటాయి. గౌరి వాళ్ల మగవాళ్లు అందరూ ఒకేసారి ఒడ్డున ఉండేది అప్పుడే, అందుకని వాళ్ల ఇళ్లలో పెళ్లిళ్లూ అప్పుడే. నేను బయలుదేరిన ఆదివారానికి మే నెల సగం దాటిపోయింది.

అచ్యుతాపురంలో నేనుండే గది నుంచి పొద్దున్నే ఐదున్నరకి రోడ్డు మీదికి వచ్చాను. మందుల ఫ్యాక్టరీలో నా రాత్రి షిఫ్టు ముందురోజే అయిపోయింది. మామూలు చెప్పు తెగిపోవడంతో కంపెనీ ఇచ్చిన సేఫ్టీ బూట్లే వేసుకున్నాను. ఈ బూట్ల సంగతి మళ్లీ వస్తుంది. గాజువాక దాకా ఒక బస్సు, అక్కడి నుంచి సిటీ బస్సు, రెండూ కలిపి వంద లోపే. ఏడున్నరకి సీతమ్మధారలో దిగాను. గౌరి అక్కడే ఒక క్లినిక్ ల్యాబులో పనిచేస్తుంది. ఆమె డ్యూటీ దిగి గేటు దగ్గర నిలబడి ఉంది. సాయంత్రం దాకా తొమ్మిది వందలకి ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవరు అప్పలరాజుది నా వయసే.

"ఏటి బావ, సినిమా సూటింగా? ఎక్కడెక్కడికెల్లాలి?" అన్నాడు.

"పెళ్లికి చోటు చూడాలి. బీచ్‌లోనా, బోటు మీదా అని."

"ఓలమ్మా! మా పెల్లి అరుగు మీదే అయిపోనాది. పది నిమిసాలు." వెనక్కి తిరిగి గౌరిని చూశాడు. "అక్కా, నీకేది కావాలేటి?"

"నన్నడిగినోడివి నువ్వే ఫస్టు" అంది గౌరి. ఆ మాట నన్నే పొడిచింది. పొడవాలనే అంది.

మొదట ఆర్కే బీచ్. తెల్లవారుజామున నడకకు వచ్చేవాళ్ల కోసం బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేస్తారు. మేం వెళ్లేసరికి దారి తెరిచారు. గేటు లేదు, టికెట్టు లేదు, ఎవరైనా రావచ్చు. నా కరపత్రాల్లో ఉన్న లోకమే ఇది అనిపించి, ఇక్కడే అని అక్కడికక్కడే ప్రకటించేశాను. గౌరి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎండ చూసింది. "ఎనిమిదింటికే ఇలగుంది. మా అమ్మ మోకాల్లతో ఇసకలో ఎక్కడ కూసుంటాది? ఆడోల్లు బాత్రూంకి ఎక్కడికెల్తారు?" అంది. షామియానా వేద్దామన్నాను. అప్పుడే లేచిన గాలికి ఐస్‌క్రీం బండివాడి గొడుగు ఎగిరి రోడ్డు మీద పడింది. అప్పలరాజు దాన్ని తెచ్చి ఇచ్చి, "నీ సామియానా బంగాలాకాతంలో తేల్తాది బావ" అన్నాడు. ఇసుక మీద గుంపు చేరాలంటే అనుమతి కాగితం కూడా కావాలట. మీరు ఇక్కడే అనుకుంటే ఆ పని కనీసం పదిహేను రోజుల ముందే మొదలుపెట్టండి.

అక్కడి నుంచి రుషికొండ, ముప్పావుగంట. పేరు రాయను గానీ, ఒక రిసార్టులో బీచ్ పెళ్లిళ్లు చేస్తారని విన్నాం. మేనేజరు మర్యాదస్తుడు. చల్లటి నిమ్మరసం ఇచ్చి, ఫొటోల పుస్తకం తెరిచాడు. తెల్లటి కుర్చీలు, తెల్లటి తెరలు, మధ్యలో ఒక పడవ. ఆ పడవ ఎవరిదని అడిగాను. "డెకరేషన్ సార్, థర్మాకోల్" అన్నాడు. వందమందికి మించకూడదు, బయటి నుంచి వంట రాకూడదు. సరే, చేపల పులుసు మీరే పెట్టండి అన్నాం. ఆయన కాస్త ఇబ్బందిగా నవ్వాడు. "చికెన్, మటన్ పెడతాం సార్. చేప మాత్రం పెట్టం. మిగతా గెస్టులకి వాసన పడదు."

సముద్రానికి నలభై అడుగుల దూరంలో కూర్చుని ఆ మాట అన్నాడు! నేను లేచి నిలబడి, ఈ ఊరు ఎవరి చెమట మీద నిలబడిందో, ఈ ఇసుక ఎవరి జాగానో గట్టిగా చెప్పడం మొదలుపెట్టాను. పక్క బల్ల మీద కాఫీ తాగుతున్నవాళ్లు కప్పులు దించేశారు. గౌరి నా చొక్కా పట్టుకుని బయటికి లాగింది. "ఆయన జీతగాడు శ్రీనూ, నీలాగే. ఆయన మీద అరిస్తే ఏటొస్తాది?" అంది. అది నిజమే. కానీ అరిచినందుకు ఇప్పటికీ బాధ లేదు. మీరు వెళ్తే, అడ్వాన్సు మాట ఎత్తకముందే వంటల జాబితా చూడండి.

పన్నెండున్నరకి పాత పోస్టాఫీసు దగ్గర ఒక మెస్సులో భోజనం. ప్లేటు నూట ఇరవై. వంజరం చేప ఉందా అని అడిగితే వంటామె గరిటె ఊపింది. "నిసేదంలో వంజరమేటి బాబూ! ఇంజను నేని తెప్పలోల్లు తెచ్చిన కవ్వలున్నాయి, తింటే తిను, నేదంటే సాంబారు." ఆ చిన్న చేపల పులుసుతో ఇద్దరం రెండు సార్లు అన్నం పెట్టించుకున్నాం. తింటూ గౌరి ఒక సంగతి చెప్పింది. "నాను ఇంతవరకూ మా బోటెక్కలేదు తెలుసా? మా అమ్మ ముప్పై ఏళ్లుగా జెట్టీ మీద నిలబడి సేపలు దించుకుంటాది. అదీ ఎక్కలేదు. ఆడోల్లెక్కకూడదంటారు." నాకు పూనకం వచ్చినట్టయింది. ఇంకేం కావాలి! పెళ్లి బోటు మీదే, ఆ కట్టుబాటు మా పెళ్లితోనే పగలాలి అన్నాను. గౌరి మజ్జిగ గ్లాసు ఎత్తింది.

రెండు దాటాక హార్బరు చేరాం. మామూలు రోజుల్లో తెల్లారకముందే వేలం పాటలతో మోగిపోయే చోటు. ఇప్పుడు సుత్తి దెబ్బలు, రంగు వాసన, నీడలో కూర్చుని వలలు బాగుచేసేవాళ్లు. నేను ఎప్పుడూ చూడనిది ఒకటి కనిపించింది. జెట్టీ నుంచి అవతలి దాకా బోట్లన్నీ పక్కపక్కన తాళ్లతో కట్టేసి ఉన్నాయి. ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి మనుషులు వాకిట్లో తిరిగినట్టు తిరుగుతున్నారు. గౌరి వాళ్ల నాన్న నూకరాజు తన తమ్ముడితో కలిసి కొనుక్కున్న బోటు జెట్టీకి ఆనుకునే ఉంది. ఆయన బోటు ముందు భాగానికి, వాళ్ల మాటలో అణియానికి, నీలం రంగు వేస్తున్నారు. నన్ను చూసి కుంచె పక్కన పెట్టి, "రా బాబూ" అన్నారు. నేను ఉత్సాహంగా ఒక్క గెంతు గెంతాను. బూట్లు చెక్క మీద దభీమని మోగాయి.

సుత్తులు ఆగిపోయాయి.

"ఒరే! దిగు! బూట్లేస్కుని గంగమ్మ మీదెక్కుతావా?" ఆయన గొంతు హార్బరంతా వినిపించి ఉంటుంది.

చుట్టుపక్కల బోట్ల మీద యాభై జతల కాళ్లు. ఒక్కదానికీ చెప్పు లేదు. అప్పుడైనా నోరు మూసుకోవాల్సింది. నేను దిగలేదు. ఇది చెక్క, ఇది ఇంజను, దీనికి చెప్పులంటే ఏం తెలుస్తుంది, ఇలాంటి మూఢనమ్మకాలే మనల్ని వెనక్కి లాగుతున్నాయి అని కరపత్రం చదివినట్టు చదివేశాను. ఆయన మొహం నల్లబడింది. "అయితే నీ పెల్లి ఈ బోటు మీద జరగదు. ఎల్లు" అన్నారు. మూడున్నర కావస్తోంది.

అప్పుడు జెట్టీ మీంచి గౌరి అంది: "శ్రీనూ, నువ్వు మాత్రలు సేసే గదిలోకి ఈ బూట్లతో ఎల్తావా?"

"అది వేరు. అక్కడ శుభ్రం..."

"సూపర్‌వైజరు ఇప్పమంటే రూలు, మా నాన్న ఇప్పమంటే మూడనమ్మకమా? కాలు జారితే నడి సముద్రంలో పడతారు కాబట్టే ఇక్కడెవుడూ చెప్పులెయ్యడు. దానికి గంగమ్మ పేరెట్టుకున్నారు. నీకేటి నొప్పి?"

నా దగ్గరున్న ఏ కరపత్రంలోనూ దీనికి జవాబు లేదు. కూర్చుని బూట్లు విప్పి జెట్టీ మీదికి అందించాను. అరికాళ్లు చుర్రుమన్నాయి. మే నెల మధ్యాహ్నం, రోజంతా కాగిన చెక్క. క్షమించమని అడిగాను. నూకరాజు బకెట్టు చూపించారు. బూటు పడిన బోటును ఆ బూటు పెట్టినవాడే కడగాలట. తాడు కట్టి ఉప్పునీళ్లు తోడి, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చీపురుతో రుద్దాను. పక్క బోటులో ఒకాయన "ఆ మూల ఒగ్గేసినావు బావ, మల్లీ తోము" అని అరిచాడు. అందరూ నవ్వారు. చివర్న అణియం మీద పసుపు నీళ్లు చల్లించారు. ముప్పావుగంట పట్టింది. కాళ్లు బొబ్బలెక్కాయి. కడుగుతుంటే ఆ బోటు కొలత నాకు తెలిసిపోయింది, పదిహేను మందికి మించి పట్టరు. రిసార్టు వందమందిని లెక్కపెట్టింది, పెదనాన్న యాభైమందిని. ఇక్కడ పదిహేను. ఆ మాటే పైకి అన్నాను.

నూకరాజు నవ్వారు. "ఇదొక్కటేనేటి అల్లుడా? సూడు!" అని చెయ్యి చాచారు. పక్క బోటు, దాని పక్క బోటు, ఆ పక్కది. "నిసేదంలో అన్నీ కలిపే కడతాం. ఎంతమందొస్తే అన్ని బోట్లు. ఎవుడు లెక్కెడతాడు?"

"మరి ఆడవాళ్లు? అత్తయ్యా, గౌరీ ఎక్కొచ్చా?" అన్నాను. గొంతు ఈసారి నెమ్మదిగానే వచ్చింది.

ఆయన కుంచె తీసి రంగు డబ్బాలో ముంచారు. "కొత్త రంగేసి, పూజ సేసి, వేటకి దించేదాకా ఇది ఉట్టి సెక్కే. ఎవులైనా ఎక్కొచ్చు" అన్నారు. ఇది పాత పద్ధతో, ఆ క్షణంలో ఆయన కల్పించిందో నాకు తెలియదు. పక్క బోట్లవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒక్కరూ కాదనలేదు.

గౌరివైపు తిరిగాను. "నువ్వు చెప్పు. ఇసుకా, బోటా?"

"ఇప్పటికి అడిగినావు" అంది. చెప్పులు విప్పి జెట్టీ మీద నా బూట్ల పక్కన పెట్టి, నాన్న చెయ్యి పట్టుకుని బోటులోకి దిగింది. అదే జవాబు.

ఐదుకు పది నిమిషాలుండగా పెదనాన్నకు ఫోను చేశాను. "హార్బరులో, నూకరాజుగారి బోటు మీద. పిలుపులకు లెక్క లేదు. భోజనంలో చేపల పులుసు. వచ్చేవాళ్లు చెప్పులు జెట్టీ మీదే విప్పాలి, మీరైనా సరే" అన్నాను. "నేను చెప్పులు విప్పి చేపల బోటెక్కాలా?" అన్నారు. "నేను ఎక్కాను పెదనాన్నా. బోటు కూడా కడిగాను" అన్నాను. ఆయన ఫోను పెట్టేశారు. ఇది రాసే సమయానికి ఆయన వస్తారో రారో తెలియదు. రాకపోతే పెళ్లి ఆగదు. వస్తే, మోకాళ్ల నొప్పులున్న మనిషి, చెయ్యి పట్టుకుని దించడానికి వంద మందిమి ఉంటాం.

తిరిగొచ్చేటప్పుడు గాజువాక బస్సులో బొబ్బలెక్కిన కాళ్లకు బూట్లు పట్టక చేతిలో పట్టుకునే నిలబడ్డాను. అందరూ చూశారు, చూడనీ. లోకం మీద తిరగబడడం మానేయమని ఆ రోజు నాకెవరూ నేర్పలేదు, నేర్పినా నేర్చుకోను. ఎవరిమీద తిరగబడుతున్నానో చూసుకోవడం మాత్రం నేర్చుకున్నాను. మనుషుల్ని వాకిలి దగ్గర ఆపే కట్టుబాటు ఒకటి. వాళ్లు నిలబడే చెక్కను, వాళ్ల పనిని, వాళ్ల ప్రాణాన్ని కాపాడే కట్టుబాటు ఇంకొకటి. రెండోదాని కోసం వంగినందుకు నాకు సిగ్గు లేదు. మొదటిదాని ముందు ఇకమీదట కూడా వంగను.

మీరూ వేట నిషేధంలో హార్బరు బోటు మీద పెళ్లి చేసుకోవాలనుకుంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఉదయం ఎనిమిది లోపే కానిచ్చేయండి. ఆలస్యమైతే అతిథులు బోటులోకి దిగేముందు ఉప్పునీళ్లతో చెక్క తడపండి. ఆ నీళ్లు మాత్రం పెళ్లికొడుకే తోడాలి.