స్టైల్‌షీట్‌లో పై రెండు లైన్లు

మొన్న బుధవారం పొద్దున మా సారు పోయారని ఫోనొచ్చింది. గుండెపోటట. కారంపూడిలో బస్సెక్కాను గానీ నరసరావుపేట వచ్చేదాకా నమ్మబుద్ధి కాలేదు.

మీలో చాలామందికి ఆయన తెలియరు. ఒక మిద్దె మీద ఐదు కంప్యూటర్లు పెట్టుకుని, పుస్తకాలనూ కరపత్రాలనూ ఫోన్లో చదువుకునేలా మార్చే చిన్న ఆఫీసు నడిపేవారు. డిగ్రీ అయ్యి ఖాళీగా ఉన్న నాకు ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ నేర్పి ఉద్యోగమిచ్చారు. ఒక రూపంలో ఉన్న సమాచారాన్ని ఇంకో రూపంలోకి మార్చే విద్య అది. దానికి రాసే స్టైల్‌షీట్‌లో పైన రెండు లైన్లుంటాయి. లోపలికొచ్చే దాంట్లో ఏ ఖాళీలు తీసెయ్యాలో ఒకటి చెబుతుంది, బయటికి ఏ రూపంలో పంపాలో రెండోది చెబుతుంది. అందరూ వాటిని పాత ఫైల్లోంచి కాపీ కొడతారు. సారు మాత్రం ప్రతిసారీ ముందు కాగితం మీద రాయించేవారు.

"వచ్చేదేందో చూడకుండా పోయేదేందో ఎట్టా చెప్తావమ్మా?" అనేవారు. నాకది చాదస్తమనిపించేది. పని పూర్తయ్యాక ప్రింటు తీసి, వేలు పెట్టుకుంటూ పైకి చదివేవారు కూడా.

ఒకసారి మిరప రైతుల కోసం పురుగుమందు కరపత్రం చేయమని ఓ మందుల కొట్టాయన ఇచ్చాడు. సారు ఓ పెళ్ళికని మాచర్ల వెళ్ళారు. తొందరలో నేను పాత లైన్లే అంటించి, ఎవరికీ చూపకుండా పంపేశాను. లీటరు నీళ్ళకు 2 3 మిల్లీలీటర్లు, అంటే రెండో మూడో, అని ఉండాలి. అంకెలు వేరువేరు ట్యాగుల్లో, అంటే విడివిడి గుర్తుల మధ్య, ఉండటంతో మధ్య ఖాళీని నా లైను తీసేసింది. 23 అయి కూర్చుంది.

రైతులకు చేరకముందే కొట్టాయన చూశాడు. మర్నాడు సారు తిరిగొచ్చాక మెట్లెక్కి వచ్చి, ఇట్టా కొడితే తోటలు మాడిపోవా, ఎవరు చేసిందీ పని అని నిలదీశాడు. నా ఉద్యోగం ఊడిందనుకున్నాను.

"నేనే. సరిగా చూసుకోలా," అన్నారు సారు.

నేను తలెత్తలేదు. ఆ కొట్టు పని మాకు మళ్ళీ రాలేదు. ఆయన నన్నొక్క మాటా అనలేదు, తెల్లకాగితం నా ముందు పెట్టి వెళ్ళిపోయారు. ఏడుస్తూనే ఆ రెండు లైన్లూ రాశాను. తప్పు నాదని నలుగురిలో చెప్పే ధైర్యం మాత్రం ఇన్నేళ్ళూ రాలేదు. అందుకు సిగ్గుపడుతున్నాను.

బుధవారం సారు వాళ్ళావిడ పక్కన కూర్చుని, ఆ కరపత్రంలో తప్పు నాది ఆంటీ అని చెప్పేశాను. ఆమె నా వైపు తిరిగింది.

"నాతోనూ తనే చేశానన్నాడమ్మా. నీ చూపు ఏమైందని ఎన్నేళ్ళు దెప్పానో."

లేచి వెళ్ళి, సారును ఉంచిన ఐస్‌బాక్స్ అద్దానికి పట్టిన చెమ్మను కొంగుతో తుడిచింది. అది మళ్ళీ పడుతుంటే మళ్ళీ తుడుస్తూ, ఆయన ముఖాన్నే చూస్తూ నిలబడింది.