గడ్డం మాటున దవడ

తొంభైల నడిమికాలం. ప్రొద్దుటూరులో నాది పళ్ల ఆసుపత్రి. ఎన్నికలొస్తున్నాయంటే నాకు పని పెరిగేది. పార్టీ ఏదైనా, రాయి తగిలితే ముందు రాలేవి పళ్లే కదా. అలాంటి రోజుల్లోనే జమ్మలమడుగు దగ్గరి పల్లె నుంచి ఓబులేసు జీపులో దిగాడు. పేరు మార్చాను. వెంట నలుగురు మనుషులు. వాళ్ల తువ్వాళ్ల కింద ఏమున్నాయో నేను అడగలేదు.

"అవన్నీ జీపులో పెట్టి రాండప్పా. ఈడ పదునైనవి నా దగ్గరే ఉండల్ల" అన్నాను. ఓబులేసు నవ్వి, వాళ్లకు సైగ చేశాడు.

ఆయన గడ్డం రొమ్ము దాకా ఉంది. దాని కథ తాలూకా అంతటికీ తెలుసు. అవతలి వర్గం తన అన్నను చంపిన రోజు, పగ తీరేదాకా గడ్డం గీయనని వదిన ముందు ఒట్టేశాడు. ఇప్పుడు కింది దవడ పన్ను ఒకటి కదులుతోంది. దాని పక్కది అంతకుముందే ఇంకెక్కడో పీకించుకున్నాడు, ఆ గాయం ఎంతకీ మానలేదు.

"ఇది గూడా పీకెయ్యమ్మా. ఎలచ్చన్లయ్యేదాకా నాకు తీరిక ల్యాదు" అన్నాడు.

నోరు పుక్కిలించమన్నాను. పెదవి మీంచి నీళ్లు గడ్డంలోకి కారుతున్నా ఆయన తుడుచుకోలేదు. ఎందుకంటే ఆయనకు తెలియలేదు. పెదవి మొద్దుబారిపోయిందన్నమాట. గడ్డంలోకి వేళ్లు పోనిచ్చి తడిమితే లోపల దవడ ఉబ్బి ఉంది. అన్నాళ్లూ అది ఎవరి కంటా పడలేదు. ఎక్స్‌రే తీస్తే ఎముక చెదలు తిన్న కట్టెలా కనిపించింది.

"పీకను. బయాప్సీ చెయ్యల్ల. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతా."

"గడ్డం గీయల్నా?"

"నోట్లో నుంచే తీస్తా. నీ గడ్డం నాకెందుకప్పా?"

తిరుపతి నుంచి రిపోర్టు వచ్చింది: లింఫోమా. రోగాలతో పోరాడాల్సిన లింఫ్ కణాలే అదుపు తప్పి పెరిగే క్యాన్సర్. మామూలుగా మెడలోనో చంకల్లోనో గడ్డలుగా తేలుతుంది. దవడ ఎముకలో రావడం అరుదు. నేను అంతకుముందు పుస్తకంలో తప్ప చూడలేదు.

రిపోర్టు వినడానికి ఓబులేసు వదిన సుబ్బమ్మను వెంటబెట్టుకొచ్చాడు. తల్లి లేని ఇంట్లో ఆమెదే పెద్దరికం. ఉన్నదున్నట్టు చెప్పాను. దవడ కోసెయ్యాల్సిన పని ఉండకపోవచ్చు, ఇది మందుకు లొంగే రకం, వేలూరు పోయి కీమోథెరపీ, అంటే నరంలోకి మందు, ఎక్కించుకోవాలి. వెంట్రుకలు మాత్రం రాలతాయి, మళ్లీ వస్తాయి.

"గడ్డం గూడానా?"

"గడ్డం గూడా."

లేచి నిలబడ్డాడు. "అయితే ఆ మందొద్దు. పగ తీర్చకుండా నున్నటి మొగమేసుకోని ఊర్లో యాడ తిరగల్ల? అవతలోళ్లు నవ్వరా?"

నాకు ఒళ్లు మండింది. నోరు తెరిచేలోపు సుబ్బమ్మే అందుకుంది.

"ఆ ఒట్టు నా ముందరే యేసినావు. వద్దని ఆ పొద్దే అనల్సింది, ఏడుపుతో నా నోరు పెగల్లేదు. ఇప్పుడంటాండా. మీ అన్న పాయ. నువ్వు గూడా పోతే, రేపు నా కొడుకు పెంచల్నా గడ్డం?"

ఓబులేసు మెల్లగా కూర్చున్నాడు. గడ్డం నిమురుకుంటూ నన్నడిగాడు: "మందుకు రాలిపోతే ఒట్టు తప్పినట్లు గాదు గదా?"

"కాదప్పా. ఎట్లవుతాది?" అన్నాను. వైద్యశాస్త్రం చెప్పని మాటే. అయినా ధైర్యంగా చెప్పాను.

ఆ ఎన్నికలు ఆయన లేకుండానే జరిగిపోయాయి. వేలూరులో మందు పూర్తయ్యాక నా గదిలోకి బోడితలతో, నున్నటి చెంపలతో ఒక మనిషి వచ్చి కూర్చుంటే ముందు గుర్తుపట్టలేదు. పుక్కిలించమన్నాను. పెదవి మీద నీటి చుక్క నిలవగానే చేత్తో తుడుచుకున్నాడు. ఎక్స్‌రేలో ఎముక మళ్లీ పూడుతోంది.

కారణం లేకుండా కదిలే పన్ను, మొద్దుబారిన పెదవి కనిపిస్తే పట్టకారు ముట్టకుండా ముందు ఎక్స్‌రే తీయమని కొత్త డాక్టర్లకు ఇప్పటికీ చెబుతాను. ఎంత గడ్డమున్నా వేళ్లు పెట్టి తడమమంటాను. ఆ కేసు నేర్పిన వైద్యం అంతే.

వేలూరు డాక్టర్లు సరేనన్నాక, పోయిన పళ్ల చోట కట్టుడుపళ్లు పెట్టించుకోవడానికి ఓబులేసు మళ్లీ వచ్చాడు. జీపులో కాదు, బస్సులో, ఒక్కడే. తల మీద జుట్టు ఒత్తుగా పెరిగింది. చెంపలు మాత్రం నున్నగానే ఉన్నాయి. గడ్డం కింద కత్తి గాటు ఒకటి ఇంకా ఎర్రగా ఉంది.

"గడ్డం మొలవలేదా అప్పా?" అన్నాను కంగారుగా.

"మొలిచిందమ్మా, శానా మొలిచింది. పొద్దున వదిన ముందరే గీయించినా" అన్నాడు.