బరంపేటలో కొసరు రద్దయిన వైనం

పల్నాడు చరిత్ర రాసినవాళ్లు యుద్ధాల దగ్గరే ఆగిపోయారు గానీ, కొసరు సంగతి పట్టించుకోలేదు. కందిపప్పు తూచాక పైన గుప్పెడు వేయించుకునే ఆచారం ఎన్ని రాజ్యాలు మారినా చెక్కుచెదరలేదు. నరసరావుపేటలోని బరంపేటలో దాన్ని ఇంటర్నెట్టుకు విస్తరింపజేసిన ఘనత త్రికోటేశ్వరరావు గారిది. తాతల నాటి కిరాణా కొట్టు పక్కనే నెట్ కంపెనీ పెట్టిన ఆయన, కనెక్షన్‌కి వచ్చిన ప్రతివాళ్లకీ, "యాభై ఎంబీల స్పీడు ప్లాన్ తీసుకోండి, పైన పది మా కొసరు" అనేవారు.

ఆ ఆచారానికి అడ్డం నిలిచింది హైమావతి. శావల్యాపురం రైతుల అమ్మాయి. ఇంజనీరింగ్ చదివి ఆయన దగ్గరే నెట్‌వర్క్ చూస్తోంది. ఏ ఇంట్లో రౌటర్ వెలిగినా "నువ్వెవరు?" అని అడిగి, పేరు సరిపోతే నీకింత స్పీడని తేల్చే సర్వర్ ఆమె చేతిలో ఉంది. కనెక్షన్ తెగకుండానే ఆ స్పీడు పెంచొచ్చు, తగ్గించొచ్చు. బరంపేట మొత్తానికీ వచ్చే లైను మాత్రం ఒకటే. అందరి కొసర్లూ కలిసి, సాయంత్రమయ్యేసరికి ఎవరి అసలూ ఎవరికీ అందడం లేదు. అందుకని ఆమె సర్వర్‌లో ఒక నియమం రాసింది: రద్దీ వేళ కొసరు ఎవరికీ లేదు.

అందరికన్నా పెద్ద కొసరు యజమాని ఇంటిదే కాబట్టి, దెబ్బ ముందు అక్కడే తగిలింది.

త్రికోటేశ్వరరావు గారు చెప్పులతోనే ఆఫీసులోకి వచ్చారు.

"ఏందమ్మాయ్ ఇది? నా నెట్టు నాకే కోస్తావా?"

"సర్వర్‌కి మీరూ ఒక యూజర్‌నేమే బాబాయ్. దానికి వరసలు తెలవవు."

"నీకు తెలుసుగా! తీసెయ్ ఆ రూలు. మీ పిన్నమ్మ సీరియల్ గుండ్రంగా తిరుగుతా కూర్చుంది. ఇంట్లో నన్ను బతకనిచ్చేట్టు లేదు."

"తియ్యను."

"తియ్యకపోతే రేపట్నుంచి రామాక."

హైమావతి కుర్చీలోంచి లేచింది. "రాను. పాస్‌వర్డ్ ఇచ్చే పోతా. మీరే కూర్చొని మీ ఇంటికి పెంచుకోండి. ఇప్పుడు మన కనెక్షనే ఉన్న జాహెదక్క కుట్టు క్లాసు లైవ్‌లో చెప్తా ఉంటది. అది ఆగి ఫోన్ చేస్తే, 'నీ స్పీడు మా సీరియల్‌కి తీసుకున్నా' అని మీరే చెప్పండి. చానా సంతోషిస్తది."

ఆయన కుర్చీ దాకా వచ్చారు, కూర్చోలేదు. మూడు తరాలుగా తూకంలో మాట పడని కొట్టు ఆయనది.

"తక్కువ తూచానని నా నోటితో నన్నే చెప్పమంటావా?"

"తూచేది మీరైతే చెప్పాల్సిందీ మీరేగా."

"నోరు చానా ఉంది నీకు."

"ఉంది. రేపు రమ్మంటారా, వద్దంటారా?"

"రా! తొమ్మిదింటికల్లా రా!" అని గద్దించి, గెలిచిన మనిషిలా వెళ్లిపోయారు.

నియమం నిలిచింది. ఉద్యోగమూ నిలిచింది. జాహెదా క్లాసు ఆగకుండా సాగింది. యజమాని ఇంట్లో సీరియల్ మాత్రం ఇంకా తిరుగుతూనే ఉందని కబురొచ్చింది. హైమావతి సర్వర్‌లో చూస్తే, ఆ ఇంటికి ఇచ్చిన స్పీడులో సగం కూడా వాడకంలో లేదు. ఏమైందో చూద్దామని తనే వెళ్లింది.

దుమ్ము పడుతుందని పిన్నమ్మ వీరరాఘవమ్మ గారు రౌటర్‌ని ఇనప బీరువాలో పెట్టి తాళం వేస్తున్నారు.