జరీ చుట్టిన మిషన్

డెబ్భైల చివర్లో ఆళ్లగడ్డలో మాకొక చిన్న ప్రెస్సు ఉండేది. ఎండాకాలం వస్తే మిషన్లోంచి వచ్చే కాగితాలకు, తల దువ్విన దువ్వెనకు పట్టినట్టు, కరెంటు పట్టి ఒకదాన్నొకటి కరుచుకునేవి. ఒక కాగితం మీది పచ్చి ఇంకు ఇంకోదానికి అంటేది. తడి గోనెపట్టలు కట్టినా లాభం లేకపోయేది.

అట్లాంటి ఎండల్లోనే ఒకరోజు నంద్యాల బస్సులో నా పక్కన ఒక పెద్దాయన కూర్చుని చర్చి కరపత్రాలు పంచుతా ఉన్నాడు. బొటనవేలితో తోస్తే చాలు, ఒక్కొక్కటే జారి వస్తా ఉంది. అవి కొట్టిన ప్రెస్సోళ్ల మీద నాకు కడుపు రగిలింది. ఒకటి తీసుకున్నా, ఇంకోటి అడిగినా. రెండిటినీ కలిపి రుద్దినా. అంటుకోలేదు.

"ఏందప్పా, చదవకుండా రుద్దుతాండావ్?" అన్నాడాయన.

"ఇవి యాడ కొట్టించినారన్నా?"

"నంద్యాలలోనే. పండగ లేదు, ఏం లేదు, ఆ మిషన్‌కు పీర్ల పండక్కి పీర్లకు కట్టే జరీ చుట్టినారు. కాగితం దాన్ని రాసుకుంటా బయటికొస్తాంది."

ఆయనకది అలంకారం. కాగితంలోని కరెంటును ఆ జరీలోని సన్న లోహపు తీగె లాగేస్తాందని నాకు అర్థమైపోయింది. ఇన్నేండ్లు మిషన్ ముందర నిలబడిన నాకు ఇదెందుకు తట్టలేదని కుమిలిపోయినా. ఆయన ఆ తర్వాత ఏం చెప్పినాడో, యాడ దిగినాడో గుర్తు లేదు.

ఇంట్లో నా భార్య ఆ కరపత్రం చదివింది.

"ఆదివారం ప్రసంగమంట. ఓర్వలేనితనం గురించి. పోతావా?"

నేను రెండో కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని చూస్తా ఉన్నా.

"ఇంకు కూడా యాడా అంటలేదు సూడు," అన్నా.