మా ఆవిడ ఆది జాకెట్టు

ఆ రోజుల్లో కాలేజీ అంటే ఒక పండగ. జేబులో సుద్దముక్క, బుర్రలో గాలి, ఇంటికి ఆలస్యంగా వస్తే చెప్పడానికి నాలిక చివర ఒక అబద్ధం. నేను విజయవాడలో ఫ్యాషన్ డిజైనింగ్ వెలగబెట్టిన రోజుల సంగతే చెబుతున్నాను. క్లాసు మొత్తానికి నేనొక్కణ్ణే మగవాణ్ణి. నేను గుమ్మంలో అడుగుపెడితే ఆడపిల్లలంతా లేచి నిలబడేవాళ్లు. (దాచడమెందుకు, అప్పటికి నాకు అరవై రెండు. వాళ్లు లేచింది పెద్దవాణ్ణని. అందులోనూ ఇద్దరు నన్ను కొత్త ప్రిన్సిపాలనుకున్నారు.)

కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్లో ఎలక్ట్రీషియన్‌గా రిటైరై, గుణదలలో ఇంటిపట్టున కూర్చుంటే గోడలు నన్ను, నేను గోడల్ని చూసుకోవడం తప్ప పని లేకపోయింది. అందుకని చేరాను. మొదటి సెమిస్టర్లో పరికిణీలు, చుడీదార్లు. మా ఆవిడ వీధంతా "మావారు డిజైనరండీ" అని చెప్పుకుంది. రెండో సెమిస్టర్లో మా మేడమ్ బోర్డు మీద లోదుస్తుల బొమ్మలు వేసి, "అంకుల్, మీకు ఇబ్బందైతే నైట్‌డ్రెస్సులు కుట్టుకోండి" అంది. "కళకి ఇబ్బందేమిటి మేడమ్!" అని గర్జించాను. (గర్జించలేదు. చెవులు ఎర్రబడి, గంటసేపు మిషను సూది వంకే చూస్తూ కూర్చున్నాను.) కానీ కార్సెట్ గురించి చెబుతుంటే మాత్రం తలెత్తాను. నడుము చుట్టూ బిగించే బట్ట, అందులో నిలువునా గొట్టాల్లా కుట్టి దూర్చిన బద్దలు, వెనక లాగి కట్టే తాడు. మా ఆవిడకి నడుంనొప్పి. డాక్టరు రాసిచ్చిన బెల్టు ఉంది గానీ బెజవాడ ఎండలో అది కట్టుకుంటే నడుము నిలబడేది, మనిషి కూలబడేది. విప్పి దండెం మీద పడేసి మూలిగేది. మెత్తటి నూలుబట్టతో, గాలాడేలా నేనే ఒకటి కుట్టి ఇస్తే?

బద్దలకి పదిమందీ ప్లాస్టిక్ ముక్కలు కొనుక్కుంటే, నేను కరెంటు తీగలు కట్టే కేబుల్ టైలు దూర్చాను. ముందు చెబితే సరదా పోతుందని ఇంట్లో మాత్రం "ఈ సెమిస్టరంతా పరదాలు" అన్నాను. అక్కణ్ణించీ మొదలైంది.

నా చొక్కా ఉతకబోతూ మా ఆవిడ జేబులోంచి హుక్కులు తీసింది. "పరదాలకి హుక్కులు ఇంత చిన్నవేంటండీ?"

"దోమతెర లాంటి పరదా."

"దోమల కోసం గులాబీ రంగు హుక్కులా?"

నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను. ఆ తరవాత నా ఫోను మోగినా, మోగకపోయినా ఆవిడ కళ్లు దానిమీదే. నా పక్కన కూర్చునే అమ్మాయి వన్‌టౌన్‌లో లేసుల కొట్టువాళ్ల పిల్ల, మనవరాలి ఈడుది. పాపం, మంచి మనసుతోనే మెసేజీ పెట్టింది: "తాతగారూ, మీరడిగిన నల్ల లేసు వచ్చింది. ఎవరి కంటా పడకుండా దాచాను. వచ్చి తీసుకెళ్లండి."

మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని పైకి చదివింది. "నల్ల పరదాలు ఎవరింటికండీ?"

"నాటకాల వాళ్లకి."

"నాటకం కనపడుతూనే ఉంది లెండి."

మర్నాడు కాలేజీ నుంచి వచ్చేసరికి, నేను బీరువా వెనక దాచిన కార్సెట్ భోజనాల బల్ల మీద పరిచి ఉంది. పక్కనే తరిగిన దోసకాయ ముక్కలు, ఆ పక్కన కత్తిపీట. కత్తిపీట అలా ఎందుకు పెట్టిందో నేను అడగలేదు.

"ఎవరిదండీ ఇది?"

"నీదే."

"నాదా? ఇందులో నా చెయ్యి పడుతుందేమో గానీ నేను పట్టను." చీర మీదనే చుట్టి చూపించింది. రెండు అంచుల మధ్య జానెడు ఖాళీ. ఆస్తి పంచుకున్న అన్నదమ్ముల్లా అవి ఒకదాని మొహం ఒకటి చూడమంటున్నాయి. "ఈ సన్న నడుము ఎవరిదో చెప్పండి. లేసుపిల్లదా, మేడమ్‌దా?"

"అమ్మతోడు, నీ ఆది జాకెట్టు పెట్టి కత్తిరించానే!"

సరిగ్గా కుదిరిన పాత జాకెట్టుని టైలరుకి కొలతకోసం ఇస్తారు చూడండీ, అది. ఆ మాటతో బయటపడిపోయానని ఊపిరి పీల్చుకున్నాను.

"నా ఆది జాకెట్టు పది రోజుల్నించీ టైలరు దగ్గరుంది," అంది మా ఆవిడ, చాలా నెమ్మదిగా. "గన్నవరం మా అన్నయ్యకి ఫోన్ చేశా. కారు తీసుకుని బయల్దేరాడు. మీరు మీ పరదాలు కుట్టుకోండి."

గదిలో సంచీ కూడా సర్ది ఉంది. నేను పరుగెత్తి (నడిచాను, మోకాళ్లు) బీరువా అట్టడుగునుంచి కలరావుండల వాసనేసే గులాబీరంగు జాకెట్టు లాగి తెచ్చాను. "ఇదిగో! దీంతోనే!"

మా ఆవిడ జాకెట్టు కింది అంచుని కార్సెట్ పై అంచుకి ఆనించింది. పోగు తేడా లేదు. లేసుపిల్లా, మేడమూ ఒక్క దెబ్బకి నిర్దోషులైపోయారు. "చూశావా!" అని ఛాతీ విరిచాను.

ఆవిడ మొహంలో వెలుగేమీ రాలేదు. "ఇది మన పెళ్లైన ఏడాది కుట్టించింది."

"అవునా?"

"దీన్ని చూస్తే మీకు నేనే అనిపించానా? రోజూ మీ కళ్లెదుటే తిరుగుతున్నా. ముగ్గుర్ని కన్నాను. ఒక్కసారైనా తలెత్తి నన్ను చూసి ఉంటే, ఇది నాకు పట్టదని మీకు తెలిసేది కాదూ?"

ఇంతకన్నా లేసుపిల్ల నేరమే నయం అనిపించింది. దాన్నించి ఈ జాకెట్టు నన్ను బయటపడేసింది. దీనికి అదే సాక్ష్యం. వీధిలో బావగారి కారు హారన్ మోగింది. నాకేం తోచక మెడలో టేపు తీసి, "ఒక్కసారి నిలబడు," అన్నాను.

ఏమనుకుందో, చేతులు కాస్త ఎత్తి నిలబడింది. అనుమానంగా నా తలనే చూస్తోంది. ఆవిడ చుట్టూ టేపు తిప్పి ఒక్క చుట్టులో కొలిచేశాను. (టేపు తలకిందులుగా పట్టి, మళ్లీ మొదట్నించీ చుట్టాను.) నడుం మీద ఆ డాక్టరు బెల్టు ఒరుసుకుని, చర్మం రెండు గీతల్లా నల్లగా కమిలి ఉంది. ఎన్నాళ్లనించీ ఉందో నాకు తెలీదు.

"ఎంత?" అంది.

"ముప్పై నాలుగు."

"అన్నయ్యా, నువ్వెళ్లు!" వీధిలోకి కేకేసింది. "నేను కొలతలిస్తున్నా!"

"ఎవరికీ?"

"మీ బావగారికి!"

"ఈ వయసులో ఏంటమ్మా ఇదీ," అన్న గొణుగుడు, కారు తలుపు మూసిన శబ్దం. మా ఆవిడ చేతులు దించి నా వైపు తిరిగింది. "ముప్పై నాలుగని మీ నోటికొచ్చింది మీరు చెప్పండి. బట్ట మాత్రం ఉన్నదున్నట్టు కత్తిరించండి."

ఉన్నదున్నట్టే కత్తిరించాను. మేడమ్ అది చూసి, "మేమిచ్చిన సైజుల పట్టికలో ఇలాంటి నడుము లేదే అంకుల్," అని మార్కులు కోసేసింది. మా ఆవిడ మాత్రం అది కట్టుకుని మార్కెట్టుకి వెళ్లి రెండు చేతులా సంచులతో నిటారుగా నడిచొచ్చింది. ఇప్పటికీ అప్పుడప్పుడూ కూర తరుగుతూ ఉన్నట్టుండి ఆగి, "ఈరోజు నేను కట్టుకున్న చీర ఏం రంగు? ఇటు చూడకుండా చెప్పండి," అంటుంది. నా మీద నమ్మకం పూర్తిగా ఇంకా కుదరలేదు. నాకిప్పుడు డెబ్భై దగ్గరపడ్డాయి. ఆనాటి కాలేజీ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వూ వస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. ఇంట్లో ఉన్న మనిషిని చూసుకోవడానికి ఒక సెమిస్టరు ఫీజు కట్టాడు, వెధవ.