చంద్రిక మీద శంఖుపూలు

నిన్న బెంగళూరులో ఒక హోటల్లో గాజుగ్లాసు నిండా నీలం టీ తెచ్చిపెట్టారు. శంఖుపూలతో చేసిందట. తాగడం మరిచి నవ్వుకుంటూ కూర్చున్నాను. దిబ్బూరహళ్ళిలో నాతో ఐదో తరగతి చదివినవాళ్ళకి ఎందుకో తెలిసే ఉంటుంది.

పట్టుపురుగుల్ని గూళ్ళు కట్టడానికి వదిలే వెదురు తడికలు, మన చంద్రికలు, ప్రతి ఇంటి గోడకీ ఆనించి ఉండేవి, గుర్తుందా? పక్కింటి గౌరమ్మత్త దగ్గర అరువు తెచ్చుకున్న చంద్రిక ఒకటి మా పెరట్లో ఉండిపోయింది. పాతదే కదా అని నా కొత్త శంఖుతీగను దానిమీదికి పాకించాను. కొన్నాళ్ళకి వెదురు కనబడనంతగా నీలంగా పూసింది.

ఒక పొద్దున అత్త మా అవ్వ దగ్గరికి పరుగున వచ్చింది.

"పురుగు పండిపోయింది పెద్దమ్మా, మా చంద్రిక యాడుండాది?"

గూడు కట్టే వేళకి పండిన పురుగు ఎవరికోసమూ ఆగదు. మా అవ్వ తీగ కోయడానికి కొడవలి తెచ్చింది. నేను ఏడుపు మొదలుపెట్టాను. అత్త పూలవైపు చూసింది, నావైపు చూసింది.

"కోయొద్దులే. పురుగుల్నే ఈడికి తెస్తా. పూలుంటే వాటికేమి, లేకుంటే ఏమి."

పైన గోనెపట్టాలు నీడగా కట్టి పురుగుల్ని ఆ తీగ మధ్యే వదిలాం. మూడోనాటికి నీలం పూల నడుమ పసుప్పచ్చటి గూళ్ళు. వీధంతా వచ్చి చూసిపోయింది. అత్త గూళ్ళతోపాటు శంఖు విత్తనాలూ కొంగున కట్టుకెళ్ళింది.

రెండు పంటల తర్వాత మేం చంద్రిక అడగడానికి వెళ్తే, అత్త తన గోడకి ఆనించి ఉన్న, నీలంగా పూసిన చంద్రిక చూపించింది.

"మీ పురుగుల్నే ఈడికి తెచ్చుకోండి."