పేరున్నోడినే వాయించమను

కీబోర్డు ముందు ఆడమనిషి కనిపిస్తే జనం అడిగేది ఒకటే. "మ్యూజిక్ ఎవరు చేసిన్రు?" నేనే అంటాను. "అది కాదమ్మా, మ్యూజిక్?" అని మళ్లీ అడుగుతారు. అప్పుడు నాకు వాయించాలనిపించేది కీబోర్డును కాదు.

నేను నేర్చుకున్నది కోదాడలో, మా చర్చిలో. ఆదివారం పాటలకు వాయించి, మిగతా రోజుల్లో పాత కంప్యూటర్ మీద డాన్సు బీట్లు కట్టుకునేదాన్ని. మా నాన్న మేళ్లచెరువు నుంచి సిమెంటు లారీ తోలేవాడు. బండి కదలమని క్లీనర్ డోరు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేస్తాడు కదా, ఆ చప్పుడు ఫోన్‌లో పట్టి దాని మీద ఒక పాట కట్టాను. సూర్యాపేటలో యూట్యూబ్ చానల్ నడిపే ఒకాయన ఆ పాట ఎగరేసుకుపోయాడు. తీరా విడుదలయ్యాక చూస్తే, సంగీతం అన్నచోట ఆయన బామ్మర్ది పేరు.

వెళ్లి అడిగాను.

"ఆడపిల్ల పేరేస్తే పెండ్లిళ్లకు ఎవరు పిలుస్తరు చెల్లె? పాట నీదని నాకు ఎరుకే గదా," అన్నాడు. ఆయనకు ఎరుకైతే చాలట. సొమ్మొకడిది సోకొకడిది. చివరికి మిర్యాలగూడలో ఒక రిసెప్షన్‌కు వచ్చి వాయిస్తే, మర్నాడే నా పేరు వేస్తానని మాటిచ్చాడు. ఆ ఒక్క మాట పట్టుకుని వెళ్లాను.

ఫంక్షన్ హాల్లో స్టేజీ మీద నల్లద్దాలు పెట్టుకుని బామ్మర్ది కూర్చున్నాడు. అతని కీబోర్డుకు వైరే లేదు. నాకు పూల తెర వెనక ప్లాస్టిక్ కుర్చీ వేశారు.

"గీడ కూసో చెల్లె, సల్లగుంటది," అన్నాడు చానలాయన.

కూర్చున్నాను. పాట ఎత్తుకున్నాను. ఈలలు మోగాయి. బామ్మర్ది తల ఊపడం తెర సందులోంచి కనిపిస్తూనే ఉంది. రెండో చరణంలో గాయకుడు అతని వైపు తిరిగాడు.

"అన్నా, గొంతు అందుతలేదు. జర శ్రుతి దించు."

బామ్మర్ది ఏదో బటన్ నొక్కాడు. అలవాటు కొద్దీ వెనక నేను దించాను. గాయకుడు మైకులోనే, "ఉస్తాద్‌వే అన్నా," అన్నాడు. హాలంతా చప్పట్లు.

అరికాలి మంట నెత్తికెక్కింది. చేతులు రెండూ ఎత్తేసి, బీటు కూడా ఆపేశాను. హాల్లో చప్పుడు లేదు. బామ్మర్ది వేళ్లు మాత్రం ఇంకా ఆడుతూనే ఉన్నాయి.

చానలాయన పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది చెల్లె? వాయించు, ఇజ్జత్ పోతది."

"పేరున్నోడినే వాయించమను అన్నా," అన్నాను. వైరు పీకి, కీబోర్డు చంకన పెట్టుకుని, తెర వెనక నుంచి కాదు, స్టేజీ ముందు నుంచే నడిచి బయటికి వచ్చాను.

ఆ పాట కింద నేటికీ అతని పేరే ఉంది. చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. అందుకే ఇప్పుడు నా ప్రతి పాటా నా గొంతులో నా పేరుతో మొదలవుతుంది, సరిగ్గా ఆ రెండు డోరు దెబ్బల మీదే. పొగరంటున్నారు. అననీ. నా పేరు కోసేస్తే దెబ్బలూ పోతాయి, బండి కదలదు.